ఎగిరే క్యారెక్టర్ అడిగితే ఒప్పుకోవాలా? డీఎమ్‌ల తలనొప్పి

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లకి ఈ సీన్ తెలిసే ఉంటుంది. కొత్త గేమ్ మొదలుపెడదాం అనగానే ఒకడు వచ్చి, "నేను మనిషి, ఎల్ఫ్ లాంటివి ఆడను, నాకు పక్షి మనిషి కావాలి" అంటాడు. గేమ్ నడిపే డీఎమ్ మీరే. ఏం చెప్తారు?

మా ఆదివారం గ్రూప్‌లో నేను ఆలోచించకుండా ఓకే అనేశా. వాడు అడిగింది ఆరకోక్రా. 2015లో ఫ్రీ పీడీఎఫ్‌గా వచ్చిన ఎలిమెంటల్ ఈవిల్ ప్లేయర్స్ కంపానియన్‌లో ఉంటుంది. ఫస్ట్ లెవెల్ నుంచే 50 అడుగుల ఫ్లైయింగ్ స్పీడ్. అదే విజార్డ్‌కి ఫ్లై స్పెల్ రావాలంటే 5వ లెవెల్ దాకా ఆగాలి, వచ్చినా పది నిమిషాలే.

ఆఫీస్ అయ్యాక మూడు రాత్రులు కూర్చుని ఒక లోయ, తెగిపోయిన వంతెన డిజైన్ చేశా. వాడు తాడు పట్టుకుని అటు ఎగిరి కట్టేశాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది! తర్వాత తోడేళ్లతో ఫైట్. వాడు 60 అడుగుల పైన లాంగ్‌బోతో బాణాలు వేస్తున్నాడు, కింద మిగతా ముగ్గురినీ తోడేళ్లు పీకుతున్నాయి. మూడో వారం మా ఫైటర్ అమ్మాయి రాలేదు. ఫోన్ చేస్తే, "అది వాడి షో రా, నేనెందుకు?" అంది.

నాకు నిజంగా గిల్టీగా అనిపించింది.

చూడండి, పవర్ ఎక్కువా తక్కువా అనేది ఇక్కడ అసలు పాయింట్ కాదు. యువాన్-టీకి మ్యాజిక్ రెసిస్టెన్స్ ఉంటుంది, అదీ చాలా స్ట్రాంగే. కానీ దానివల్ల పక్కవాడి పని పోదు, నా స్పెల్స్ పవర్ తగ్గుతుంది, అంతే. ఎగరడం అలా కాదు. ఎక్కడం, దూకడం, దారి వెతకడం, ఇలా మిగతావాళ్లు చేయాల్సినవన్నీ ఒక్కడే చేసేస్తాడు. అడ్వెంచరర్స్ లీగ్‌లో ఒకప్పుడు ఫస్ట్ లెవెల్‌లో ఎగిరే రేసుల్ని ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. అక్కడ ఎవరో తెలియని డీఎమ్ రెడీమేడ్ కథ నడపాలి. ఇంట్లో ఆడే మనకి మార్చుకునే వీలుంది.

"గోబ్లిన్లకి షార్ట్‌బోలు ఇచ్చేయ్" అని సలహా ఇస్తారు. ఇవ్వొచ్చు. కానీ ఎగిరేవాడు ప్రోన్ అయితే కింద పడతాడు, పది అడుగులకి ఒక డీ6 చొప్పున 60 అడుగులకి ఆరు డీ6, సగటున 21 డ్యామేజ్. పది హిట్ పాయింట్లున్నవాడు అక్కడికక్కడే చచ్చిపోతాడు. ప్రతి ఫైట్‌లో ఇదే చేస్తే, నోటితో నో చెప్పలేక డైస్‌తో చెప్పినట్టు. నాకది నచ్చదు.

అందుకే వాడినే అడిగా, "పక్షే ఎందుకురా?" అని. చిన్నప్పుడు వాళ్ల తాతయ్య చెప్పిన జటాయువు కథట! స్పీడ్ గురించి ఒక్క మాట లేదు. ఇంకేం, జటాయువులాగే రెక్క దెబ్బతిందని పెట్టాం. 5వ లెవెల్ దాకా పైనుంచి మెల్లగా దిగడమే, ఎగరడం లేదు. ఆ తర్వాత కూడా 30 అడుగులే. 2022లో వచ్చిన మాన్‌స్టర్స్ ఆఫ్ ది మల్టీవర్స్‌లో వాళ్లూ నడక స్పీడ్‌కే తగ్గించారు.

ఆ అమ్మాయి తిరిగొచ్చింది. రెక్క నయం చేసే మూలిక కోసం కొండెక్కింది కూడా తనే.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో హోమ్‌బ్రూ క్లాసులు. ఉంటా మరి, బై!