గుబులుకు తోడు కావాలి

రాత్రి పదకొండు దాటినా గోడలు సెగలు కక్కుతుంటాయి. నిద్ర పట్టక ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఎక్కడో అడవి తగలబడుతున్న వీడియో, దాని వెనకే మునిగిన ఊరి వీడియో. 'ఇప్పుడే ఇలా ఉంటే పిల్లలు పెద్దయ్యేసరికి ఎలా ఉంటుందో' అన్న ఆలోచన మొదలైందంటే ఇక తెల్లవార్లూ జాగారమే. ఈ దిగులునే నిపుణులు క్లైమేట్ యాంగ్జైటీ అంటున్నారు. మనం వాతావరణ గుబులు అనుకోవచ్చు.

ముందుగా ఒక మాట. ఇది పిరికితనం కాదు, జబ్బు అంతకన్నా కాదు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు రెండు వేల మంది చనిపోయారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వాసులు రోజుల తరబడి నీళ్ళలో చిక్కుకుపోయారు. ఇవన్నీ చూసినవాళ్ళకు భయం వేయకపోతేనే ఆశ్చర్యపోవాలి. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో ఒక సర్వే వచ్చింది. భారత్ సహా పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ళ వయసున్న పది వేల మందిని అడిగితే, 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి చాలా ఎక్కువగా కలవరపడుతున్నామన్నారు. ఆ కలవరం తమ రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తోందని 45 శాతానికి పైగా చెప్పారు.

అయితే ఈ భయాన్ని ఏం చేసుకోవాలి? స్వీడన్‌కు చెందిన మరియా ఓయాలా అనే పరిశోధకురాలు పన్నెండేళ్ళ పిల్లలను ఇదే అడిగారు. కొందరు 'అదంతా ఎక్కువ చేసి చెబుతున్నారులే' అని పక్కన పెట్టేశారు. కొందరు నేనేం చేయాలి, ఇంకేం చేయాలి అని తలకెత్తుకున్నారు. చిత్రమేమిటంటే, రెండో రకం పిల్లల్లోనే దిగులు ఎక్కువగా కనిపించింది. మూడో దారి పట్టినవాళ్ళు కష్టం నిజమేనని ఒప్పుకుంటూనే, దీని మీద పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారని, ఇంతకుముందు కూడా పెద్ద సమస్యలు దారికి వచ్చాయని గుర్తుచేసుకున్నారు. వాళ్ళ మనసు కాస్త కుదుటగా ఉంది.

ఈ మూడో దారికి మనకు దగ్గరి ఉదాహరణ ఉంది. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పది వేల మంది పోయారు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖను చిందరవందర చేసింది కానీ, ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వందలోపే. సముద్రం శాంతించి కాదు. ముందస్తు హెచ్చరికలు, తుపాను షెల్టర్లు, లక్షల మందిని వేళకు తరలించడం వల్ల అది సాధ్యమైంది. (రెండు తుపాన్లూ ఒకే తీరున రాలేదు, నిజమే. అయినా తేడా అంతా గాలిది మాత్రం కాదు.)

ఇంకో సంగతి కూడా తేలింది. అమెరికాలో విద్యార్థుల మీద చేసి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నలుగురితో కలిసి పనిచేసేవాళ్ళలో ఈ గుబులు కుంగుబాటుగా మారే ధోరణి తక్కువగా కనిపించింది. ఒంటరిగా చేసే పనులకు ఆ గుణం కనబడలేదు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ఒక్కరే ప్లాస్టిక్ మానేసి, ఒక్కరే ఏసీ కట్టేసి, పక్కవాడు మానలేదని ఉడుక్కుంటే మిగిలేది తప్పు చేసినవాడి బాధ. అసలు ఎవరి కర్బన లెక్క (కార్బన్ ఫుట్‌ప్రింట్) వాళ్ళు వేసుకోవాలన్న అలవాటును జనంలోకి తేవడంలో ముందున్నది బీపీ అనే చమురు కంపెనీ. బరువు ఎవరి నెత్తి నుంచి ఎవరి నెత్తికి మారిందో చెప్పనక్కర్లేదు.

కలిసి చేసే పని ఎలా ఉంటుందంటే, డాబా మీద సున్నం తీసుకోండి. రోజంతా నానిన సున్నం వడకట్టి, కాస్త జిగురు కలిపి, శుభ్రంగా కడిగిన డాబా మీద కుంచెతో రెండు పూతలు వేస్తారు. ఎండ తిరిగి పైకి పోతుంది, కింద గదిలో రెండు మూడు డిగ్రీల వరకు వేడి తగ్గవచ్చు. సున్నం కంట్లో పడకుండా చూసుకోవాలి. వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటేటా వేయాలి. ఒక ఇంటికి వేస్తే ఆ ఇల్లే చల్లబడుతుంది. వీధి మొత్తానికి కలిసి వేస్తే ఖర్చూ తగ్గుతుంది, ఇంటి పైకప్పు రేకులదైన ముసలమ్మకూ ఉపశమనం దొరుకుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. అది ఎంతవరకు వచ్చిందో వార్డు సమావేశంలో అడగడం కూడా మన పనే. సున్నంతో భూగోళం వేడి తగ్గదు. బొగ్గు, చమురు మీద నిర్ణయాలు జరగాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. కానీ సున్నం వేయడానికి కూడిన వీధే రేపు చెరువు కబ్జా మీద కలిసి అర్జీ పెట్టగలదు.

నిద్ర, తిండి, చదువు రోజుల తరబడి చెడిపోతుంటే మాత్రం పనితో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులక్కర్లేదు. మిగతావాళ్ళం పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టి, పక్కింటి తలుపు తడదాం. సున్నం పని మాత్రం ఫిబ్రవరిలోనే పెట్టుకోండి. ఏప్రిల్ వచ్చాక డాబా మీద కాలు పెట్టలేం.