పొగగొట్టం నిలబడేది ఇటుకల మీద, పనిచేసేది గాలి బరువు మీద

సూరత్ నగరంలోని డిండోలిలో తెలుగు మాట వినిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, డిండోలి ప్రాంతాల్లో ఎప్పుడో స్థిరపడ్డాయి. వాళ్లు నేసే గుడ్డకు రంగు అద్దే మిల్లులు పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడల్లో ఉన్నాయి. గుడ్డకు రంగు పట్టాలంటే ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలర్, బాయిలర్‌కు బొగ్గు, బొగ్గుకు పొగగొట్టం. అందుకే ఆ వైపు ఆకాశంలో చిమ్నీలు కనిపిస్తాయి.

చిమ్నీ అన్న మాటను మనవాళ్లు మూడు వస్తువులకు వాడతారు. కిరోసిన్ దీపం మీద పెట్టే గాజు గొట్టం ఒకటి. మిల్లు మీది పొగగొట్టం రెండోది. ఈమధ్య ఫ్లాట్లలో గ్యాస్ స్టౌ మీద బిగిస్తున్న ఫ్యాను పెట్టె మూడోది. శాస్త్రం ప్రకారం మొదటి రెండే అసలు చిమ్నీలు. మూడోది కరెంటు ఉంటేనే పనిచేస్తుంది, పైగా గొట్టం లేని రకమైతే గాలిని వడకట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఇవి కాక నాలుగో చిమ్నీ ఒకటుంది: చలిదేశాల ఇళ్లలో గోడలోనే కట్టే ఫైర్‌ప్లేస్‌కి పైన ఉండే ఇటుకల గొట్టం. జనవరి రాత్రుల్లో కూడా సగటున 15 డిగ్రీల దరిదాపుల్లోనే ఆగిపోయే సూరత్ చలికి దాని అవసరం లేదు. కానీ ఆ గొట్టం కట్టడంలోని లెక్కలు తెలిస్తే మన వంటింటి పొయ్యి పొగ ఎందుకు బయటికి పోలేదో కూడా అర్థమవుతుంది.

నీటి మట్టంలో మిల్లీమీటరున్నర

వేడి గాలి పైకి పోతుందని చిన్నప్పుడే చదువుకున్నాం. అది తనంతట తాను పోదు. చుట్టూ ఉన్న చల్లని, బరువైన గాలి కిందికి దిగుతూ దాన్ని పైకి నెడుతుంది. 27 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 1.18 కిలోలు తూగుతుంది. అదే గాలిని 127 డిగ్రీలకు వేడిచేస్తే 0.88 కిలోలే. ఈ 300 గ్రాముల తేడాయే చిమ్నీకి ఇంజన్. మీటరు ఎత్తుకు దాదాపు 2.9 పాస్కల్‌ల పీడనం వస్తుంది. అయిదు మీటర్ల గొట్టానికి సుమారు 14 పాస్కల్‌లు. ఇది ఎంతో తెలియాలంటే నీటితో పోల్చుకోవచ్చు: గ్లాసులో నీటి మట్టాన్ని మిల్లీమీటరున్నర పైకి లేపగలిగేంత, అంతే.

బయట గాలి ఎంత చల్లగా ఉంటే ఈ లాగుడు అంత పెరుగుతుంది. బయట సున్నా డిగ్రీలుంటే అదే అయిదు మీటర్ల గొట్టం 20 పాస్కల్‌లు ఇస్తుంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో 12కి పడిపోతుంది. చలిదేశాల్లో పుట్టిన కొలతలను యథాతథంగా తెచ్చి వేడి ఊళ్లలో కట్టకూడదనడానికి ఇదే కారణం. ఎత్తు పెంచితే లాగుడు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అయితే పొగ వేగం అలా పెరగదు. ఎత్తు రెట్టింపు చేస్తే వేగం 1.4 రెట్లే అవుతుంది, గొట్టం గోడల రాపిడి అందులోంచి కూడా కొంత తినేస్తుంది.

దీపపు గాజు చేసేదీ ఇదే పని. గాజు తీసేస్తే ఒత్తి ఎర్రగా, మసి కక్కుతూ మండుతుంది. గాజు పెట్టగానే కిందినుంచి గాలి పీల్చుకుని మంట తెల్లబడి నిలకడగా ఉంటుంది. పల్లెల్లో సాయంత్రం పూట గాజు చిమ్నీని ముగ్గుపొడితో తుడిచిన తరానికి ఈ శాస్త్రం చేతుల్లోనే ఉండేది.

గదిని వేడిచేసేది మంట, చల్లబరిచేది గొట్టం

తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్‌ది విచిత్రమైన యవ్వారం. మంటకు కావలసినదానికన్నా ఎన్నో రెట్ల గాలిని గదిలోంచి లాగి బయట పారేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి తలుపు సందుల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. కట్టెల్లోని వేడిలో గదికి దక్కేది మామూలుగా 10, 15 శాతమే. మిగతాదంతా ఆకాశానికి.

దీన్ని శ్రద్ధగా పట్టించుకున్నవారిలో ఒకడు కౌంట్ రమ్‌ఫర్డ్. అమెరికాలో పుట్టిన ఈయన అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. ఫిరంగి గొట్టాలకు తొలిచే రంధ్రాలు చూసి, వేడి అనేది ఒక పదార్థం కాదు, చలనమేనని వాదించిన శాస్త్రవేత్త. 1796లో ఫైర్‌ప్లేస్‌ల మీద ఒక వ్యాసం అచ్చువేశాడు. ఆయన సలహాలు మేస్త్రీకి అర్థమయ్యేంత తేలిక. గూడు లోతు తగ్గించాలి. వెనక గోడ వెడల్పు ముందు వాకిలిలో మూడో వంతుకు మించకూడదు. పక్క గోడలు వెనక గోడకు 135 డిగ్రీల కోణంలో విచ్చుకోవాలి. పొగ గొట్టంలోకి దూరే గొంతును నాలుగు అంగుళాలకు కుదించాలి. మంటనుంచి గదికి చేరే వేడి ముఖ్యంగా కిరణాల రూపంలోనే వస్తుంది. ఏటవాలు గోడలు ఆ కిరణాలను గదిలోకి తిప్పుతాయి, ఇరుకు గొంతు వెచ్చని గాలి దుబారాను ఆపుతుంది. లండన్‌లో ఎన్నో పాత ఫైర్‌ప్లేస్‌లను ఈ కొలతలకు మార్చుకున్నారు.

గొట్టానికీ వాకిలికీ మధ్య కూడా ఒక నిష్పత్తి ఉంది. గొట్టం అడ్డుకోత వైశాల్యం వాకిలి వైశాల్యంలో దాదాపు పదో వంతు ఉండాలి. 90 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న వాకిలికి 29 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి గొట్టం కావాలన్నమాట. అంతకన్నా సన్నమైతే పొగ గదిలోకే తిరిగొస్తుంది.

ఇక్కడ కుంపటి గురించి ఒక మాట. చలికి తలుపులు బిగించుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే పొగ కనిపించదు కాబట్టి ప్రమాదం లేదనిపిస్తుంది. బొగ్గు అరకొరగా మండినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది.

అచ్చులో పోసిన గొట్టం

ఇటుక మీద ఇటుక పేర్చి చిమ్నీ కట్టే మేస్త్రీకి లోపలి వైపు కనిపించదు. కీళ్లలోంచి లోపలికి పొంగిన అడుసు అక్కడే గట్టిపడుతుంది, దాని మీద మసి పేరుకుంటుంది. ఎక్కడో ఒక కీలు పగిలితే పొగ గోడలోకి దారి చేసుకుంటుంది. ఈ తలనొప్పులు తగ్గించడానికే ప్రీకాస్ట్ పద్ధతి వచ్చింది. అడుగు పలక, నిప్పుగూడు ముక్కలు, పైదూలం, గొంతు భాగం, గొట్టపు దిమ్మెలు, చివరి టోపీ అన్నీ ఫ్యాక్టరీలో అచ్చుల్లో పోసి తెస్తారు. స్థలంలో వాటిని వరసగా పేర్చి పల్చటి కీళ్లతో అతికిస్తారు.

మామూలు కాంక్రీటుతో ఎందుకు పోయకూడదు? సిమెంటు గట్టిపడినప్పుడు దానిలో ఏర్పడే కాల్షియం హైడ్రాక్సైడ్ 400 డిగ్రీలు దాటాక నీటిని కోల్పోయి విరిగిపోవడం మొదలుపెడుతుంది. ఇంకా వేడెక్కితే కంకర సంగతి. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర తన స్ఫటిక రూపం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. రాయి లోపలినుంచే పగుళ్లిస్తుంది. అందుకని ఈ దిమ్మెల్లో ప్యూమిస్ అనే అగ్నిపర్వతపు నురగరాయినో, కొలిమిలో ఉబ్బించిన మట్టి గుళికలనో, ఇటుక ముక్కలనో వాడతారు. ఇవన్నీ ఒకసారి నిప్పు చూసి వచ్చినవే. నురగరాయిలోని బుడగలు వేడిని బయటికి పోనివ్వవు కూడా. గొట్టం వెచ్చగా ఉంటే లాగుడు తగ్గదని ముందే చూశాం.

మంచి చిమ్నీకి రెండు పొరలుంటాయి. లోపల పొగను మోసే లైనర్, బయట బరువు మోసే దిమ్మె. రెండింటికీ మధ్య కాస్త ఖాళీ వదలాలి. లైనర్ వేడెక్కి సాగుతుంది, బయటి దిమ్మె అంత సాగదు. ఇద్దరినీ సిమెంటుతో కట్టిపడేస్తే ఎవరో ఒకరు పగలక తప్పదు. లైనర్ ముక్కల మూతులు పైకి ఉండేలా పేర్చాలి. అలా పెడితే పొగలోంచి చెమర్చిన తేమ, తారు గొట్టం లోపలే కిందికి జారతాయి. తలకిందులుగా పెడితే ప్రతి కీలులోంచీ బయటికి కారి గోడ మీద గోధుమరంగు మరకలు తేలతాయి. ఆ తారు ఎక్కువగా పేరుకుంటే దానికే నిప్పంటుకోవచ్చు. ఐరోపా ప్రమాణాల్లో ఈ ప్రమాదానికి తట్టుకునే గొట్టాలను 1000 డిగ్రీల దగ్గర అరగంట పాటు పరీక్షిస్తారు.

గుజరాత్ లాంటి చోట ఇంకో లెక్క కూడా చూడాలి. భూకంపం వస్తే ఇంటి చిమ్నీ సాధారణంగా పైకప్పు మట్టం దగ్గర విరుగుతుంది. కింద ఇల్లు పట్టుకుని ఉంటుంది, పైన ఏదీ ఉండదు. 2010, 2011లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో వేలకొద్దీ పాత ఇటుక చిమ్నీలు ఇలాగే కూలాయి. అచ్చు దిమ్మెల మూలల్లో రంధ్రాలు వదిలితే వాటిలో ఇనుప కమ్మీలు దించి కాంక్రీటు నింపవచ్చు. నా దృష్టిలో ప్రీకాస్ట్‌తో వచ్చే అసలు లాభం ఇదే. పని త్వరగా అవడం ఆ తర్వాతి సంగతి.

హైదరాబాద్ పొయ్యి

మన ఇళ్లలో ఫైర్‌ప్లేస్ లేదు గానీ పొయ్యి ఉంది. పెంకుటిళ్లలో పొగ పెంకుల సందుల్లోంచో, పైకప్పులో వదిలిన గవాక్షంలోంచో పోయేది. పోయినంత పోయేది, మిగిలింది వండేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి. ఒకే మంట మీద రెండు గిన్నెలు పెట్టే కోడుపొయ్యి వేడిని ఆదా చేసింది కానీ పొగను కాదు. దీనికి ఇంజనీరింగ్ పరిష్కారం వెతికినవారిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌కు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు ఒకరు. ఒకే మంట మీద వరసగా గిన్నెలు, చివర పొగగొట్టం, లాగుడును అదుపు చేయడానికి ఒక మూత. ఆ పొయ్యి గురించి 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే ఇంగ్లిష్ పుస్తకం 1953లో వచ్చింది. మట్టితో చేసుకోగలిగే పొయ్యి అది.

ఆ ఆలోచనే దేశమంతటా పెద్దఎత్తున అమలైంది 1983లో మొదలైన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమంలో. 2002లో ఆగిపోయేలోగా సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలు కట్టామని ప్రభుత్వ లెక్క. వాటిలో చాలావాటికి సిమెంటు గొట్టాలు తెచ్చి బిగించారు. ఒకరకంగా అది మన పేదింటి ప్రీకాస్ట్ చిమ్నీ.

మరి ఏమైంది? ఒడిశాలో రెమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ చేసిన అధ్యయనం జవాబు చెబుతుంది. గ్రామ్ వికాస్ సంస్థ కట్టించిన చిమ్నీ మట్టి పొయ్యిలను దాదాపు 2,600 కుటుంబాల్లో నాలుగేళ్ల పాటు గమనించారు. లాటరీ తీసి కొందరికి ముందు, కొందరికి తర్వాత పొయ్యిలు ఇచ్చారు. మొదటి ఏడాది వండేవాళ్లు పీల్చే పొగ తగ్గింది. రెండో ఏడాదికి ఆ తేడా మాయమైంది. ఊపిరితిత్తుల ఆరోగ్యంలో మార్పు లేదు, కట్టెల ఖర్చూ తగ్గలేదు. పొయ్యిలు పగిలాయి, బాగుచేయలేదు, గొట్టాలు శుభ్రం చేయలేదు, వాడకమూ తగ్గింది.

ఇది ఆడవాళ్ల అశ్రద్ధ అని తేల్చేయడం సులువు. పైన వేసిన లెక్కను పొయ్యికి వేసి చూస్తే వేరే విషయం తెలుస్తుంది. మూడు మీటర్ల గొట్టం, అందులో 60 డిగ్రీల పొగ, బయట 30 డిగ్రీలు. లాగుడు 3 పాస్కల్‌లే. నీటి మట్టంలో చెప్పాలంటే మిల్లీమీటరులో మూడో వంతు కూడా కాదు. అంత సన్నని బలాన్ని ఒక ఎదురుగాలి ఓడించగలదు. 10 సెంటీమీటర్ల గొట్టంలో చుట్టూ ఒకటింపావు సెంటీమీటరు మసి పడితే చాలు, దారి దాదాపు సగానికి తగ్గిపోతుంది. పొయ్యి మీద పగులు వస్తే గాలి మంటలోంచి కాక ఆ పగులులోంచి లోపలికి పోతుంది, పొగ ఇంకా చల్లబడుతుంది. ఇంత తక్కువ మిగులుతో నడిచే యంత్రాన్ని ఇచ్చి, మరమ్మతు చేసే మనిషిని ఇవ్వకపోవడం రూపకల్పనలోని లోపం. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దీపం పథకం, 2016లో దేశమంతటా వచ్చిన ఉజ్వల ఈ గొట్టాన్నే పక్కనపెట్టి గ్యాస్ దారి పట్టాయి.

గొట్టం దాటాక

మిల్లు చిమ్నీకి లాగుడు సమస్య లేదు, ఫ్యాన్లుంటాయి. దాని ఎత్తు వేరే కారణంతో నిర్ణయమవుతుంది. బొగ్గులోని గంధకం నుంచి గంటకు ఎన్ని కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుందో దాన్ని 0.3 ఘాతానికి పెంచి 14తో గుణించాలి. వచ్చిన మీటర్లు, లేదా 30 మీటర్లు, ఏది ఎక్కువైతే అది పెద్ద బాయిలర్ చిమ్నీ ఎత్తు. గంటకు 100 కిలోలైతే దాదాపు 56 మీటర్లు. అంత ఎత్తునుంచి వదిలితే నేలకు దిగేలోపు పలచబడుతుందని లెక్క. పలచబడటమంటే దగ్గరివాళ్లకు తక్కువగా, దూరంవాళ్లకు కాస్తగా పంచడమే.

సూరత్‌లో 2019లో మొదలైన ప్రయోగం ఎత్తును వదిలి పరిమాణాన్ని పట్టుకుంది. గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి బొగ్గు వాడే పెద్ద మిల్లుల చిమ్నీల్లో నిరంతరం కొలిచే పరికరాలు పెట్టించింది. ఎక్కువ భాగం బట్టల మిల్లులే. మొత్తం ఎంత ధూళి వదలొచ్చో పరిమితి పెట్టి, అనుమతులను కొనుక్కునే, అమ్ముకునే వీలు కల్పించింది. ధూళి కణాలకు ఇలాంటి బజారు ప్రపంచంలో ఇదే మొదటిది. 317 మిల్లుల్లో 162 మిల్లులను లాటరీతో బజారులోకి తెచ్చి, మిగతావాటిని పాత నిబంధనల కిందే ఉంచారు. ఒడిశా పొయ్యిలను పరిశీలించిన గ్రీన్‌స్టోన్ ఈ బృందంలోనూ ఉన్నారు. రోహిణీ పాండే, నికోలస్ రయాన్, అనంత్ సుదర్శన్ మిగతా ముగ్గురు.

2025లో అచ్చయిన వారి ఫలితాల ప్రకారం బజారులో ఉన్న మిల్లుల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. వదిలిన ధూళికి సరిపడా అనుమతులు చూపించాలన్న షరతును 99 శాతం పాటించారు. పాత నిబంధనల కింద ఉన్న మిల్లుల్లో మాత్రం కనీసం మూడో వంతు ఎప్పుడు చూసినా హద్దు మీరుతూనే ఉన్నాయి.