నీళ్లున్న ఇల్లే బాడుగకు నిలుస్తుంది

కర్నూలులో ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు పేర్లు తెలియని ఆటోవాలా ఉండడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు, మద్రాసు నుంచి వచ్చిపడ్డ ఉద్యోగులకు ఊళ్లో ఇళ్లు చాలలేదు. గుడారాలు వేశారు, క్వార్టర్లు కట్టారు. ఆ క్యాంపులు అవే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. మరుసటి ఏడాది, 1957లో, కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది.

ఇల్లు కట్టి బాడుగకు ఇవ్వాలనుకునేవాళ్లు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. రాజధాని ఉన్నది మూడేళ్లు. కాలేజీ, దాని పెద్దాసుపత్రి దాదాపు డెబ్బై ఏళ్లుగా ఊరికి మనుషుల్ని రప్పిస్తూనే ఉన్నాయి: హౌస్ సర్జన్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, చుట్టుపక్కల వెలసిన క్లినిక్కుల్లో, మందుల షాపుల్లో పనిచేసేవాళ్లు. వీళ్లంతా బాడుగ ఇళ్లలోనే ఉంటారు. కడపలో 2006లో వచ్చిన రిమ్స్, యోగి వేమన విశ్వవిద్యాలయం చేస్తున్న పనీ ఇదే.

2020లో మూడు రాజధానుల చట్టం వచ్చి, కర్నూలును న్యాయరాజధాని అన్నారు. ప్లాట్ల బేరాలు ఊపందుకున్నాయి. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కావాలని శాసనసభ తీర్మానించింది. బెంచి రావాలి. కోస్తా, రాయలసీమ నాయకుల 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి సీమ అడుగుతున్న న్యాయమిది. కానీ వస్తుందన్న ఆశ మీద బ్యాంకు అప్పు తెచ్చి ఇల్లు కొనకండి. కంతు కట్టాల్సింది ఈ నెల నుంచే.

లెక్క వేసి చూద్దాం. 60 లక్షలు పెట్టి కొన్న ఇంటికి నెలకు 15 వేల బాడుగ వస్తుందనుకుందాం. ఏడాదికి 1.8 లక్షలు, అంటే 3 శాతం. ఇంటిపన్ను, సున్నం, మోటారు రిపేరు, మనిషి ఖాళీ చేసి మరొకరు చేరేదాకా పోయే ఒక నెల బాడుగ తీసేస్తే చేతికి 1.4 లక్షలు మిగలొచ్చు. పెట్టిన 60 లక్షల్లో 40 లక్షలు ఎనిమిదిన్నర శాతం అప్పయితే, మొదటి ఏడాది వడ్డీయే 3.4 లక్షల దాకా అవుతుంది. మన చేతికొచ్చేది అందులో సగానికీ చాలదు. ఇక ధర పెరుగుతుందన్న నమ్మకమే దిక్కు.

అదే, సొంత ఇంటి పునాది గట్టిదై, పైన 800 చదరపు అడుగుల పోర్షన్‌ను అడుగుకు రెండు వేల చొప్పున 16 లక్షలతో వేస్తే, నెలకు 8 వేల బాడుగ వచ్చినా ఏడాదికి 6 శాతం. స్థలం మనదే, సంపు మనదే, పైన ఏం జరుగుతోందో కింద మనకు తెలుస్తూనే ఉంటుంది. మధ్యతరగతి కుటుంబానికి ఇంతకన్నా మంచి దారి ఈ రెండు ఊళ్లలో నాకు కనబడలేదు.

ఆదాయపు పన్నులో కొంత ఊరట ఉంది. కట్టిన ఇంటిపన్ను పోగా మిగిలిన బాడుగలో 30 శాతాన్ని ఖర్చుల కింద మినహాయించుకోవచ్చు. ఇంటిపన్నే మారింది. 2021 ఏప్రిల్ నుంచి మున్సిపాలిటీలు బాడుగ విలువను వదిలి ఆస్తి విలువ మీద పన్ను వేస్తున్నాయి. ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్నది పరిమితి. ఆ లెక్కన పెరుగుతూ పోతే అయిదేళ్లలో రెట్టింపు అవుతుంది. బాడుగ ఆ వేగంతో పెరగదు.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ఇక్కడ గదులకంటే ముందు అడిగేది, “నీళ్లెట్ల సార్? కొళాయి ఉందా, బోరేనా?” అని. ఆడమనిషి నేరుగా సంపు దగ్గరికి పోయి, మూత ఎత్తించి, లోతు చూస్తుంది. వానలు తక్కువైన సీమలో ఏప్రిల్ దాటితే బోర్లు అడుగంటుతాయి, ట్యాంకర్లు తిరుగుతాయి. ట్యాంకరు డబ్బు ఎవరివ్వాలన్న దగ్గరే ఓనరుకూ బాడుగకున్నవాళ్లకూ మాటా మాటా పెరుగుతుంది. పెద్ద సంపు, మున్సిపల్ కనెక్షన్, మిద్దె మీది వాన నీళ్లు దిగే ఇంకుడు గుంత ఉన్న ఇల్లు మేలో ఖాళీ కాదు. పాలరాతి ఫ్లోరింగుకు పెట్టే డబ్బు వీటికి పెట్టండి. కింద కడప బండలు పరిస్తే చాలు, చల్లగానూ ఉంటాయి.

పైపోర్షన్‌కు ఇంకో కష్టం ఎండ. పాత మట్టిమిద్దెలు చల్లగా ఉండేవి. నేటి శ్లాబు పగలంతా కాగి, రాత్రి గదిలోకి సెగ వదులుతుంది. ఫ్యాను వేడిగాలి విసురుతుంటే పసిపిల్లలున్న ఇల్లాలు ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? ఏటా మార్చిలో మిద్దె మీద తెల్లసున్నం కొట్టించడం పెద్ద ఖర్చేం కాదు.

చుక్క నీటికి కటకటలాడే ఈ ఊళ్లే మునిగాయి కూడా. 2001లో బుగ్గవంక కడపను ముంచింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేశాయి. బేరానికి ముందు ఆ వీధిలో పాతకాపును అడగండి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయని. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. చవకగా వస్తోందంటే కారణం అదే కావచ్చు.

ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ పోయిన కుటుంబాలెన్నో. అక్కడ ఇళ్లలో, బండ్ల మీద చాకిరీ చేసి పంపిన డబ్బు ఇక్కడ మేడలవుతోంది. వాళ్ల కోసమైనా గట్టిగా చెప్పాలి: బాడుగ నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి, అగ్రిమెంటు రాతపూర్వకంగా ఉండాలి. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి గనకే చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. ప్రతిసారీ తిరగరాసుకోవడం మరిచిపోవద్దు.

మరొకటి. కడపలోనైనా కర్నూలులోనైనా “మీరేమోళ్లు?” అన్న ప్రశ్న విని, సమాధానం చెప్పి, మెట్లు దిగిపోయిన ముస్లిం నర్సులు, దళిత లెక్చరర్లు ఉన్నారు. నెలనెలా జీతం వచ్చే మనిషిని, ఇంటిని అద్దంలా ఉంచుకునే కుటుంబాన్ని ఆ ఒక్క మాటతో పంపేసి, రెండు నెలలు టులెట్ బోర్డు వేలాడదీసుకోవడం నష్టం. అంతకుముందు అది తప్పు. ఎక్కడ పనిచేస్తారు, ఎంతమంది ఉంటారు, ఇంతకుముందు ఏ వీధిలో ఉన్నారు అని అడిగి, ఆ పాత ఓనరుకు ఒక ఫోను చేస్తే తెలియాల్సినవన్నీ తెలుస్తాయి.