వార్ధక్యమునకు పొదుపు

ఉపాధ్యాయుల ఇండ్లలో ఫాల్గుణ మాసము రెండు పరీక్షల కాలము. ఒకటి విద్యార్థులది, రెండవది ఆదాయపు పన్నుది. మార్చి 31 లోపల ఏదో ఒక బీమా పాలసీ కట్టి, రసీదు కార్యాలయమున సమర్పించి, ఈ యేటికి గండము గడిచినదని ఊపిరి పీల్చుకొనుట చిరకాలపు ఆచారము. 80సి విభాగము క్రింద లక్షన్నర రూపాయల వరకు లభించిన మినహాయింపే దీనికి మూలము. ఈ ఆచారమున మేలు లేకపోలేదు. పన్ను భయముననైనను నాలుగు రూకలు వెనుక వేయబడినవి.

ఇప్పుడా భయము సన్నగిల్లినది. 2020లో ప్రవేశపెట్టబడిన కొత్త పన్ను పద్ధతి, పాతదానిని ప్రత్యేకముగా కోరుకొననివారికి 2023-24 నుండి దానంతటదియే వర్తించుచున్నది. ఇందు జీవిత బీమా, పి.పి.ఎఫ్. మొదలగువానిలో కట్టిన సొమ్మునకు మినహాయింపు లేదు. పైగా 2025-26 నుండి, జీతము తప్ప వేరు రాబడి లేని ఉద్యోగికి ఈ పద్ధతిలో 12 లక్షల 75 వేల రూపాయల వరకు పన్నే లేదు. ఇక పొదుపుతో పనియేమి అను ప్రశ్న సహజముగా పుట్టును.

దీనికి సమాధానము 2004లో జరిగిన మార్పులో నున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంవత్సరము సెప్టెంబరు 1 మొదలు ప్రభుత్వోద్యోగమున చేరినవారికి పాత పింఛనుకు మారుగా సి.పి.ఎస్. ఏర్పడినది. పాత పద్ధతిలో పూర్తి సర్వీసు చేసినవారికి చివరి జీతములో సగము పింఛనుగా వచ్చును. ధరలు పెరిగినకొలది కరువు భృతియు పెరుగును. సి.పి.ఎస్.లోనైతే మూల వేతనము, కరువు భత్యము కలిపిన మొత్తములో 10 శాతము ఉద్యోగి చెల్లించును, ప్రభుత్వము తన వాటా చేర్చును. ఆ నిధి మార్కెటుతో పాటు పెరుగుచు తరుగుచు నుండును. విరమణనాడు 60 శాతము వరకు పన్ను లేకుండ చేతికి వచ్చును. తక్కినదానితో బీమా సంస్థ వద్ద యాన్యుటీ కొనవలెను. దానిపై కరువు భృతి లేదు, పన్ను మాత్రము కలదు. 2004 ఆగస్టులో చేరిన ఉపాధ్యాయుడును, సెప్టెంబరులో చేరినవాడును ఒకే బడిలో ఒకే పాఠము చెప్పుచుండవచ్చును. వారి వార్ధక్యములు మాత్రము ఒకటి కావు.

కావున పొదుపు చేయవలసినది పన్ను కొరకు కాదు, ముదిమి కొరకు. ఇందు కాలము చేయు సాయమెంతటిదో పి.పి.ఎఫ్. లెక్క చూచిన తెలియును. 1968 నాటి చట్టముతో వచ్చిన ఈ పథకమునకు గడువు 15 ఏండ్లు. పిదప ఐదేసి ఏండ్ల చొప్పున పొడిగించుకొనవచ్చును. దీని వడ్డీకి ఏ పద్ధతిలోను పన్ను లేదు. 2020 ఏప్రిలులో నిర్ణయించిన 7.1 శాతము వడ్డీయే నిలుచునని భావింతము. ఏటా ఏప్రిల్ 5వ తేదీ లోపల 50 వేల రూపాయలు కట్టినచో, 15 ఏండ్లకు కట్టిన ఏడున్నర లక్షలు సుమారు పదమూడున్నర లక్షలగును. 30 ఏండ్లకు కట్టిన 15 లక్షలు సుమారు యాబదియొకటిన్నర లక్షలగును. కట్టినది రెట్టింపు, వచ్చినది దాదాపు నాలుగింతలు. నెలలో 5వ తేదీ మొదలు నెలాఖరు వరకు గల కనిష్ఠ నిల్వపైననే వడ్డీ కట్టుదురు కనుక ఆ తేదీ మరువరాదు.

అయితే ఈ అంకెలు చూచి మురియరాదు. ధరలు ఏటా 6 శాతము పెరిగినచో, 30 ఏండ్ల తరువాతి ఆ యాబదియొకటిన్నర లక్షలు నేటి 9 లక్షల పాటి విలువయే చేయును. కావున తొలి ఏట కట్టినంతయే తుదివరకు కట్టుట చాలదు. జీతము పెరిగినపుడెల్ల పొదుపును పెంచవలెను. బీమాను కుటుంబ రక్షణకే తీసికొని, పొదుపును వేరుగా నడుపుట మేలు.

చక్రవడ్డీ సూత్రము నల్లబల్లపై వ్రాయు ఉపాధ్యాయుడు, దానిని తన తొలి జీతమునకే అన్వయించుకొనవలెను. వినుచున్న విద్యార్థియు రేపు తొలి జీతము నందుకొనువాడే. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనుమని పెద్దలు చెప్పినది ఈ వేళకే. పన్ను చట్టము ఏటేట మారవచ్చును గాని, విరమణ దినము వాయిదా పడదు.