పెంపుడు కుక్కలకు పచ్చిమాంసము

మన పట్టణములలో కుక్కలను, పిల్లులను ఇంటిబిడ్డలవలె పెంచు కుటుంబములు నానాటికి హెచ్చుచున్నవి. పూర్వము కుక్క వీధియరుగు క్రింద పరుండి, ఇంటివారు తినగా మిగిలిన చల్లయన్నముతో కడుపు నింపుకొని రాత్రి కావలి కాచెడిది. నేడు లాబ్రడారు, జర్మన్ షెపర్డు మొదలగు జాతికుక్కలు పడకగదిలో నిద్రించుచున్నవి. వాని భోజనమును గూర్చి ఇండ్లలో వాదములు బయలుదేరినవి. అందు ముఖ్యమైనది పచ్చిమాంసవాదము. మాంసమును ఉడికింపక, ఎముకలతోను కార్జముతోను పచ్చిగానే గిన్నెలో వేయవలెననియు, అదియే కుక్కకు స్వభావసిద్ధమైన ఆహారమనియు చదువుకొన్న యువకు లనేకులు నమ్మియున్నారు. తల్లులు "వాడు చదివి చెప్పుచున్నాడు, మనకేమి తెలియును?" అని ఊరకుండుచున్నారు. కాని ఆ మాంసమును కోయు చేయియు, ఆ గిన్నెను కడుగు చేయియు, పిమ్మట పసిబిడ్డకు అన్నము కలిపి పెట్టు చేయియు ఒక్కటే. కావున ఈ విషయమును మనము తెలిసికొనుట అవసరము.

ఈ పద్ధతికి విశేషప్రచారము కల్పించినవాడు ఆస్ట్రేలియా దేశపు పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్టు. 1993లో ఆయన వ్రాసిన 'గివ్ యువర్ డాగ్ ఎ బోన్' అను గ్రంథము వెలువడినది. పచ్చి ఎముకలు, మాంసము, కొంత కాయగూర కలిపిన యీ భోజనమునకు 'బార్ఫ్' అను పేరు వాడుకలోనికి వచ్చినది. అంతకు పూర్వమే పందెపుకుక్కలకు, మంచుబండ్లు లాగు కుక్కలకు పచ్చిమాంసము పెట్టు ఆచారము కొన్ని దేశములలో గలదు. ఈ పద్ధతి నవలంబించినవారు తమ కుక్కల రోమము నిగనిగలాడుచున్నదనియు, మలము తగ్గి గట్టిపడినదనియు చెప్పుదురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. క్రొవ్వుగల ఆహారముచే రోమమునకు నిగారింపు కలుగును; మాంసము బాగుగ జీర్ణమగును గనుక మలము తగ్గును. ఐతే ఈ గుణములు ఉడికించిన మాంసమునకును గలవు. పచ్చిదనము వలననే కలిగినవని చెప్పుటకు ఆధారము కానరాదు.

వారు ముఖ్యముగా చెప్పు మాట, కుక్క తోడేలు సంతతి యనుట. సంతతియే గాని తోడేలు గాదు. వేలకొలది సంవత్సరములు మనుజుని పొయ్యి ప్రక్కన బ్రదికిన యీ జంతువు మన మెతుకులకు అలవాటుపడినది. 2013లో 'నేచర్' అను శాస్త్రపత్రికలో వెలువడిన పరిశోధనలో, పిండిపదార్థమును జీర్ణింపజేయు రసమును పుట్టించు జన్యువు తోడేలునకు రెండు ప్రతులు మాత్రమే యుండగా, కుక్కలకు నాలుగు మొదలు ముప్పది వరకు గలవని తేలినది. మన పెద్దలు ఈ లెక్కలు చూడలేదు గాని, వైశ్వదేవానంతరము గృహస్థుడు కుక్కలకును కాకులకును నేలపై అన్నబలి యిడవలెనని విధించిరి. కుక్క ఆ యన్నము తిని తరతరములుగ మన వాకిటనే యున్నది. ఏ యపరాధమును చేయని తన పిల్లను కొట్టిరని సరమ జనమేజయుని నిలదీసిన కథ ఆదిపర్వారంభముననే గలదు. కుక్కపై దయ చూపుట మనకు క్రొత్తగా ఒకరు నేర్పవలసినది గాదు. అట్లని పెరుగన్నమొక్కటే చాలుననుటయు తప్పే. ఎదుగు కుక్కకు మాంసకృత్తులు కావలెను. అన్నముతోబాటు గ్రుడ్డో, ఉడికించిన మాంసమో లేనిచో అది చిక్కి శల్యమగును.

పిల్లి సంగతి వేరు. పిల్లి నిక్కమైన మాంసాహారి. టారిన్ అను పదార్థమును కుక్క చాలవరకు తన శరీరమునందే తయారు చేసికొనగలదు. పిల్లి చాలినంత తయారు చేసికొనజాలదు. అది జంతుమాంసమునుండియే లభింపవలెను. పాలును అన్నమును మాత్రమే పెట్టి పెంచు శాకాహారుల యిండ్లలో పిల్లి ఎలుకలను పట్టి తన లోటు తీర్చుకొనెడిది. మేడమీద అంతస్తులో తలుపులు మూసి పెంచిన పిల్లికి ఎలుక యెక్కడిది? మా యింట మాంసము వండు ఆచారము లేదు. అట్టి కుటుంబములవారు పిల్లిని తెచ్చుకొనుటకు ముందే, దానికొరకు దుకాణమున అమ్ము పిల్లియాహారమునైనను కొనిపెట్టుటకు మనసొప్పునా యని విచారించుకొనుట మేలని మా యభిప్రాయము. మన నియమమును నోరులేని జంతువుపై రుద్ది దాని కన్నులు పోగొట్టుట ధర్మము కాదు.

కన్నులు పోగొట్టుట యని అతిశయోక్తిగా వ్రాయలేదు. 1932 మొదలు 1942 వరకు కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్ పాటెంజరు అను వైద్యుడు వందలకొలది పిల్లులపై ఒక పరీక్ష సాగించెను. పచ్చిమాంసము తిన్న పిల్లులు బలముగ నుండెననియు, ఉడికిన మాంసము తిన్నవాని సంతతి క్షీణించెననియు ఆయన ప్రకటించెను. పచ్చిమాంసవాదులు నేటికిని దీనిని చూపుచున్నారు. కాని పాటెంజరు కాలమున పిల్లికి టారిన్ అవసరమని యెవరికిని తెలియదు. అది లేనిచో పిల్లికి కంటిపొర చెడి చూపు పోవునని 1975లోను, గుండె వ్యాకోచించి చచ్చునని 1987లోను తేలినది. మాంసమును ఉడికించునప్పుడు టారిన్ చాలభాగము నీటిలోనికి దిగును. ఆ నీటిని పారబోసినచో పిల్లికి మిగులునది పిప్పి. ఈ చిక్కు తీరుటకు పచ్చిమాంసమే పెట్టనక్కరలేదు. ఉడికిన నీటితో గూడ మాంసమును పెట్టవలెను. వంట చేయు స్త్రీలకు ఈ మాట తేలికగా అర్థమగును.

ఇక వట్టి మాంసమే పూర్ణాహారమను భ్రమ గలదు. మా వీధిలో ఒక యింటివారు రెండునెలల కుక్కపిల్లను తెచ్చి, "జాతికుక్క, మాంసమే తినవలెను" అని ఎముకలేని కోడిమాంసపు ముక్కలను మాత్రమే పెట్టిరి. నాలుగవ నెల వచ్చునప్పటికి దాని ముందుకాళ్లు విల్లువలె వంగినవి. ఎత్తుకొన్నచో కుయ్యోమని యేడ్చెడిది. పశువైద్యుడు సున్నము లోపమని చెప్పెను. కారణమేమన, మాంసమున భాస్వరము మిక్కుటము, సున్నము అత్యల్పము. రెంటికిని పొంతన లేక శరీరము రక్తమునకు కావలసిన సున్నమును ఎముకలనుండి లాగికొనును. అడవిలో తోడేలు వట్టి కండను తినదు. ఎముకను, తోలును, పేగులను గూడ తినును. ఆ సంగతి మరచి దుకాణపు మెత్తని ముక్కలను తెచ్చి పెట్టుట ప్రకృతిని అనుసరించుట ఎట్లగును? పిల్లికి దినమును కార్జమే పెట్టినచో ఏ విటమిను మితిమీరి మెడయెముకలు అతుకుకొనిపోవును.

ఎముకల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. ఉడికిన ఎముక పెళుసై సూదులవలె చీలును, దానిని పెట్టనేకూడదు. పచ్చియెముక అంతగా చీలదు గాని, దానివలన కుక్క పళ్లు విరుగుటయు, పేగులలో అడ్డుపడుటయు పశువైద్యులు తరచు చూచునట్టివే.

సూక్ష్మక్రిముల విషయము అన్నిటికంటె పెద్దది. 2002లో కెనడాలో, ఇండ్లలో తయారుచేసిన పచ్చిమాంసపు భోజనములు పదింటిని పరీక్షింపగా ఎనిమిదింట సాల్మొనెల్లా క్రిమి కనబడినది. ఆ భోజనము తినుచున్న పది కుక్కలలో మూడింటి మలమున అదే క్రిమి గలదు. 2018లో హాలండు పరిశోధకులు దుకాణములలో అమ్ము గడ్డకట్టిన పచ్చిమాంసపు పొట్లములు 35 పరీక్షించిరి. పందొమ్మిదింట లిస్టీరియా, ఏడింట సాల్మొనెల్లా, ఎనిమిదింట ప్రాణాంతకమగు ఈ. కోలై ఓ157 కానవచ్చినవి. 2017లో ఇంగ్లండులో ఈ క్రిమిచే నలుగురు వ్యాధిగ్రస్తులై ఒకరు మరణించిరి. వారిలో ముగ్గురు పచ్చిమాంసము తిను కుక్కలతో మెలగినవారు. అమెరికా పశువైద్యసంఘము 2012లోనే ఈ పద్ధతి కూడదని తీర్మానించినది. శీతలయంత్రములు గల దేశముల స్థితియే యిట్లున్నది. మన బజారులో ఎండలో వ్రేలాడుచు, ఈగలు ముసరు మాంసమును గూర్చి వేరుగ చెప్పవలెనా?

"కుక్కకు ఏమియు కాలేదే" అని కొందరు వాదింతురు. కుక్క సాల్మొనెల్లాను కడుపున నుంచుకొని తాను ఆరోగ్యముగనే తిరుగగలదు. తిన్న మూతితో వచ్చి పసివాని బుగ్గ నాకును. వ్యాధి కలుగునది పసివానికి. "ఫ్రిజ్జులో గడ్డకట్టించినాము" అనుటయు చాలదు. మిక్కిలి చలిచే కొన్ని పురుగులు చచ్చును గాని, సూక్ష్మక్రిములు చావవు. నిద్రించి, మంచు కరగగానే మేల్కొనును. పక్షిజ్వరపు క్రిమియు నట్టిదే. 2004లో థాయిలాండులోని ఒక పులుల ప్రదర్శనశాలలో పచ్చి కోడిమాంసము తిన్న పులులకు ఈ జబ్బు సోకి నూటికి పైగా నశించినవి. 2024 చివర అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రమున గడ్డకట్టిన పచ్చి సీమకోడి మాంసము తిన్న యింటిపిల్లి చచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చిలో ఒక పసిబిడ్డ ఈ వ్యాధితో మరణించినది. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని వార్తాపత్రికలు వ్రాసినవి.

గర్భిణీస్త్రీలు మరియొక సంగతి నెరుగవలెను. పచ్చిమాంసముననుండు టాక్సోప్లాస్మా అను జీవి పిల్లి కడుపున చేరి, దాని మలముద్వారా కొన్ని వారములు వెలువడును. క్రొత్తగా సోకినచో గర్భమునందలి శిశువునకు హాని కలుగవచ్చును. ఆ మలము విషమగుటకు ఒకటి రెండు దినములైనను పట్టును గనుక, పిల్లి మలపెట్టెను ప్రతిదినము శుభ్రపరుప వలెను. ఆ పని గర్భవతి గాక ఇంటిలో మరియొకరు చేయవలెను. భర్తగారు చేసినచో నామోషీ యేమియు లేదు.

ఇంతవరకు చెప్పినది జాతికుక్కలను పెంచువారి మాట. ఇకమీదట చెప్పబోవునది పల్లెటూళ్లవారికిని సంబంధించినది. గొఱ్ఱె, మేకల కార్జముమీదను ఊపిరితిత్తుల మీదను అప్పుడప్పుడు నీటిబుగ్గలు కానవచ్చును. అవి ఒక చిన్న బద్దెపురుగు పిల్లలుండు సంచులు. కుక్క వానిని పచ్చిగా తినినచో, దాని పేగులలో ఆ పురుగులు పెరిగి సుమారు ఆరు వారములకు గ్రుడ్లు విడుచును. ఆ గ్రుడ్లు మలముతో వెలువడి నేలమీదను, ఆకుకూరలమీదను, కుక్క రోమముమీదను చేరును. కుక్కను నిమిరిన చేతిని కడుగక పిల్లవాడు మురుకులు తినును. పిమ్మట ఏండ్ల తరబడి వాని కార్జమునందో ఊపిరితిత్తులయందో తిత్తి నెమ్మదిగా పెరుగును. తరచు శస్త్రచికిత్స చేయవలసివచ్చును. దీనిని వైద్యులు హైడాటిడ్ వ్యాధి యందురు. ఇది తెలుగుదేశపు ఆసుపత్రులకు చిరపరిచితము.

ఐస్లాండు అను ద్వీపమున ఈ వ్యాధి యొకప్పుడు ఘోరముగ నుండెను. 1863లో డెన్మార్కునుండి హరాల్డ్ క్రాబె అను శాస్త్రజ్ఞుడు వెళ్లి నూరు కుక్కలను కోసి చూడగా ఇరువదియెనిమిదింట ఈ పురుగు కనబడినది. ఆయన వ్యాధిమూలమును, నివారణమును తెలుపు చిన్న పుస్తకమును వ్రాసెను. 1864లో దానిని ఐస్లాండు భాషలో అచ్చొత్తించి ఇంటింటికి ఉచితముగ పంచిరి. చలికాలపు దీర్ఘరాత్రులలో ఇంటిల్లిపాది కూర్చుండి చదువుకొను అలవాటు గల దేశమది. బుగ్గలు గల అవయవములను కాల్చవలెను, లేదా పాతవలెను, కుక్కకు వేయరాదు అన్నది అందలి ముఖ్యోపదేశము. తరువాతి తరములలో పుట్టినవారికి ఆ జబ్బు క్రమముగ అరుదై, చివరకు దేశమునుండియే తొలగిపోయినది. న్యూజిలాండులోను కుక్కలకు పచ్చి అవయవములు వేయుట మాన్పించి, వానికి క్రమముగ మందిచ్చి, 2002 నాటికి వ్యాధి తొలగినట్లు ప్రకటింపగలిగిరి.

మాంసము పెట్టదలచిన సోదరీమణులకు మేము కోరునది స్వల్పమే. మాంసమును లోపలివరకు రంగు మారునట్లు ఉడికించుడు. ఉప్పుకారములు, ఉల్లి, వెల్లుల్లి వేయకుడు. ఉల్లి కుక్కకును పిల్లికిని రక్తమును విరుచును. ఇంటివారి కూర మిగిలినదని గిన్నెలో వంచుట అందుచేతనే తగదు. ఎముకలకు చాలిన సున్నము ఎంత చేర్చవలెనో పశువైద్యుని అడిగి, కుక్క బరువునుబట్టి చేర్చుడు. పచ్చిమాంసమును కొళాయిక్రింద కడిగినచో తుంపరలు చుట్టునున్న పాత్రలపై పడును. కత్తిపీట మాంసమునకు వేరుగ నుండవలెను. కుక్కకు పురుగుమందు వేయించినప్పుడు, అందు బద్దెపురుగులను చంపు ప్రాజీక్వాంటెల్ గలదో లేదో అడిగి తెలిసికొనుడు.

కనుమనాడును, జాతరలలోను పెరటిలో మేకను కోయు ఇండ్లు మనలో గలవు. కోసినవాడు బుగ్గలు గల ముక్కను ప్రక్కకు విసరును. దానికొరకు కాచుకొని కూర్చున్న కుక్క వెంటనే నోట కరచుకొని పోవును. ఆనాడు కుక్కను గొలుసుతో కట్టియుంచి, ఆ ముక్కలను కుక్క త్రవ్వలేనంత లోతున పాతించుడు. అంత తావు లేనిచో ప్రత్యేకముగ నుంచిన పాత్రలో వానిని అరగంట తెర్లించిన పిమ్మటనే బయట వేయుడు.