మోటర్‌హోమ్‌లో టీవీ మార్చాలంటే

అమెరికాలో 2000 ప్రాంతంలో తయారైన చాలా మోటర్‌హోమ్‌లలో టీవీ ముందు అద్దానికి పైనున్న అలమరలో ఉంటుంది. అది పిక్చర్ ట్యూబు టీవీ. 27 అంగుళాలదైతే బరువు దాదాపు 40 కిలోలు. పైగా అక్కడి పూర్తిస్థాయి ప్రసార కేంద్రాలు 2009 జూన్ 12న అనలాగ్ ప్రసారాలు ఆపేశాయి. అప్పటి నుంచి కన్వర్టర్ పెట్టె తగిలిస్తే తప్ప ఆ టీవీకి యాంటెన్నా చానెళ్లు అందవు. పైకప్పు మీది పాత యాంటెన్నా మాత్రం పారేయాల్సిన పని లేదు, డిజిటల్ సిగ్నల్‌నూ అదే పట్టుకుంటుంది.

పాతది దించాక ఆ అలమర నోటికి అడ్డంగా మందపాటి ప్లైవుడ్ బిగించి, దానికి బ్రాకెట్ తగిలించడం మంచి పద్ధతి. ఈ వాహనాల గోడలు పలుచన, లోపలంతా ఫోమ్. స్క్రూ చట్రంలోకి దిగకపోతే పట్టు ఉండదు. 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ బరువు ఐదారు కిలోలే అయినా, గుంతల రోడ్డు మీద కుదుపులన్నీ ఆ స్క్రూలే కాయాలి.

అయితే అసలు ఆలోచించాల్సింది కరెంటు గురించి. క్యాంపు స్థలంలో 120 వోల్టుల సరఫరా దొరుకుతుంది. అడవి అంచున ఆగితే మాత్రం బ్యాటరీలే దిక్కు. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి, అంటే సుమారు 600 వాట్-అవర్లు. 50 వాట్ల టీవీ, 20 వాట్ల సౌండ్‌బార్ నాలుగు గంటలు నడిస్తే అందులో 280 పోతాయి. ఇన్వర్టర్ తినేది దీనికి అదనం. రాత్రంతా తిరిగే ఫ్యానుకీ, నీటి పంపుకీ మిగిలేది కొంచెమే. అందుకే నేరుగా 12 వోల్టులతో నడిచే టీవీ కొనడం తెలివైన పని. కాకపోతే పేరుకే అది 12 వోల్టుల బ్యాటరీ. చార్జింగ్ ఎక్కేటప్పుడు 14 దాటుతుంది. ఆ హెచ్చుతగ్గులకు టీవీ తట్టుకోగలదో లేదో ముందే చూసుకోవాలి. తప్పనిసరిగా ఇన్వర్టరే వాడాల్సి వస్తే ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకోవాలి, చవక రకాలతో స్పీకర్లలో గుయ్‌మనే మోత రావచ్చు.

ఇంజిన్ నడుస్తుంటే ముందు టీవీ ఆరిపోయేలా చాలా వాహనాల్లో ఏర్పాటు ఉంటుంది. కొత్త టీవీ పెట్టేటప్పుడు దాన్ని తీసేయకూడదు. కదిలే బండిలో డ్రైవరుకు కనిపించేలా వీడియో నడపడాన్ని కాలిఫోర్నియాతో పాటు అనేక రాష్ట్రాల చట్టాలు నిషేధిస్తున్నాయి.

ఇక ధ్వని. చిన్న గదిలో పెద్ద స్పీకర్లు అక్కర్లేదు, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ద్వారా కలిపిన సౌండ్‌బార్ చాలు. బ్లూటూత్‌తో తీగల బెడద తప్పుతుంది కానీ, పెదవులు కదిలాక మాట వినిపించే చిక్కు కొన్నిటిలో ఉంది. సీలింగ్‌లో ఉన్న పాత స్పీకర్లను వాడుకోవాలంటే చిన్న ఆంప్లిఫయరు అవసరమవుతుంది. దాని తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయాలి. ఇంజిన్ వేగంతో పాటు హెచ్చే సన్నని ఈల వినిపిస్తే ఎర్త్ తీగలు వేర్వేరు చోట్ల కలిశాయేమో చూసి, అన్నిటినీ ఒకే బిందువుకు తేవాలి.