కాలిలోని కాలువ

గౌతమీ వసిష్ఠల నడుమ నున్న కోనసీమలో కాలువ గుణము తెలియని రైతు లేడు. నీరు వడిగా పారినంతకాలము కాలువ శుభ్రముగా నుండును. వడి తగ్గెనా, అడుగున ఒండ్రు పేరుకొనును, పైన గుర్రపుడెక్క అల్లుకొనును. గట్టు తెగినచోట చెత్త చిక్కుకొని నీటి కడ్డు నిలుచును. మనుష్యుని కాలిలోని సిరలకును న్యాయ మిదియే. జర్మన్ వైద్యశాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కోవ్ 1856 లో ప్రకటించిన రచనల ననుసరించి సిరలో నెత్తురు గడ్డకట్టుటకు వైద్యులు మూడు కారణములు చెప్పుదురు: రక్తప్రవాహము మందగించుట, నాళపు గోడ దెబ్బతినుట, రక్తమునకు గడ్డకట్టు స్వభావము హెచ్చుట.

కొబ్బరిచెట్టునుండి పడి, విరిగిన ఎముకకు కట్టుతో నెలలతరబడి పరుండిన దింపు కార్మికుడు, శస్త్రచికిత్స జరిగిన వృద్ధుడు, బాలింత, కాన్సరు రోగి, హైదరాబాదునుండి రాత్రంతయు కాళ్లు ముడుచుకొని బస్సులో వచ్చిన ఉద్యోగి, వీరిలో ఎవరికైనను పిక్కలోని లోతైన సిరలో గడ్డ ఏర్పడవచ్చును.

ఇచ్చట కోనసీమకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఈ సీమ బోదకాలు వ్యాధికి చిరకాలముగా నెలవైనది. ఆ వ్యాధిపై పరిశోధనకును శిక్షణకును రాజమహేంద్రవరమున ఒక కేంద్రమే నెలకొల్పబడినది. కనుక కాలు వాచిన దనగానే ఇంటివారికి మొదట తోచునది బోదకాలే. రెండవది బెణుకు. బెణుకనుకొన్నచో నూనె కాచి మర్దన చేయుదురు. గడ్డ కదలి రక్తముతోబాటు గుండెలోనికి, అచ్చటినుండి ఊపిరితిత్తులలోనికి పోయిన ప్రాణాపాయము. అట్టి కాలిని మర్దించుట ఆ యాపదను చేజేతుల కొనితెచ్చుకొనుటయే. బోదవాపు సామాన్యముగా ఏండ్లతరబడి పెరుగును. గడ్డవలన వచ్చు వాపు గంటలలో, దినములలో వచ్చును. తరచుగా ఒక్క కాలికే వచ్చును. పిక్క నొప్పిపెట్టును, వెచ్చనగును. సందేహము తీర్చునది డాప్లర్ పరీక్షయే గాని ఇరుగుపొరుగుల అనుభవము కాదు. దానితో ఆయాసము, రొమ్ములో పోటు, దగ్గులో నెత్తురు కనిపించినచో క్షణమైన ఆలస్యము కూడదు.

చికిత్స కుపయోగించు మందు పుట్టుక విచిత్రమైనది. 1920 ప్రాంతములలో కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను పశువులు చిన్న గాయమునకే నెత్తురోడి చచ్చుచుండెను. పిల్లిపెసర, జనుము వంటిదే యగు ఒక పశుగ్రాసపు మొక్క బూజుపట్టగా, ఆ మేత తినుటయే కారణమని పశువైద్యులు కనుగొనిరి. 1933 లో ఒక రైతు చచ్చిన ఆవును, గడ్డకట్టని దాని నెత్తురును మోసికొని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు వచ్చెను. అచ్చటి రసాయనశాస్త్రజ్ఞుడు కార్ల్ పాల్ లింక్, ఆయన శిష్యులు కొన్ని ఏండ్లు శ్రమించి ఆ మేతలోని పదార్థమును వేరుచేసిరి. దానినుండి పుట్టిన వార్ఫరిన్ 1948 లో ఎలుకలమందుగా అంగడి కెక్కి, 1954 లో మనుష్యుల మందుగా అనుమతి పొందెను. మరుసటి యేడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు కూడ దానినే యిచ్చిరి. ఎలుకలమందని విని భయపడి మాత్ర మానువారు ఈ చరిత్ర తెలిసికొనవలెను. మందునకును విషమునకును నడుమ గీత గీయునది మోతాదు.

రక్తమును పలుచన చేయు మందని లోకులు దీని నందురు గాని, ఇది రక్తమును పలుచన చేయదు, ఉన్న గడ్డను కరిగింపదు. ఆ గడ్డ పెరుగకుండ, క్రొత్తది పుట్టకుండ కాపుకాయును. కరిగించు పని శరీరమే మెల్లగా చేసికొనును. రక్తము గడ్డకట్టుటకు వలయు విటమిన్ కె పని కడ్డుపడుటయే వార్ఫరిన్ చేయునది. ఆ విటమిను ఆకుకూరలలో మెండు. కంద బచ్చలి లేని పెండ్లి విందు, తోటకూర, మునగాకు లేని పెరడు కోనసీమలో అరుదు. అందుచేత రోగి ఆకుకూరయే విషమని పూర్తిగా మానుట, లేదా పెండ్లినాడు విస్తరినిండ వడ్డించుకొనుట రెండును పొరపాటే. వారమువారమును ఇంచుమించు ఒకే కొలతగా తినవలెను.

ఆ కొలతను తెలుపునది ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష. మందు తీసికొనని ఆరోగ్యవంతునికి అది ఒకటికి దగ్గరగా నుండును. కాలి గడ్డకు చికిత్స పొందువానికి సామాన్యముగా రెండు మూడుల నడుమ నుండవలెను. రెంటికి తగ్గిన గడ్డ భయము, మూటికి మించిన రక్తస్రావ భయము. ధవళేశ్వరము ఆనకట్టవద్ద నీటిమట్టము తగ్గిన చేలెండును, 11.75 అడుగులు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడును. నీటిమట్టమును చూచువా డెంత జాగరూకుడో రోగియు నంత జాగరూకుడు కావలెను. ఇటీవలి రివరాక్సాబాన్, ఎపిక్సాబాన్ మాత్రలకు ఈ పరీక్ష అక్కరలేదు. కాని రివరాక్సాబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు అన్నముతోనే వేసికొనవలెను. కార్తిక సోమవారము, ఏకాదశి ఉపవాసములుండువారు ఈ సంగతి వైద్యునితో ముందే ముచ్చటింపవలెను. గర్భిణికి వార్ఫరిన్ శిశువునకు హాని చేయును. ఆమెకు హెపారిన్ సూదిమందు తగును.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము మోకాళ్లనొప్పి రూపమున వచ్చును. ఊడ్పుల దినములలో నడుము పట్టినదని మందుల దుకాణమునకు పోయి నొప్పిమాత్ర కొనుట పల్లెలో పరిపాటి. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి ఈ మందుతో చేరినచో కడుపులో నెత్తురు కారవచ్చును. మలము నల్లగా తారువలె నున్నను, తలకు దెబ్బ తగిలినను, పైకి గాయము కనబడకున్నను ఆసుపత్రికి పోవలెను. పిరుదున సూది వేయబోవు వైద్యునికి ఈ మాత్ర సంగతి ముందే చెప్పవలెను.

ఇక గోదావరి వరద. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను లంక గ్రామములు నీటిలో చిక్కుకొన్నవి. అట్టి వేళ పడవయే దారి. వానకాలము రాగానే బియ్యము, కిరసనాయిలు, అగ్గిపెట్టె దాచుకొను ఇల్లాలు రెండు వారముల మాత్రలను గూడ ఆ మూటలోనే కట్టుకొనుట మేలు. ఒకపూట మరచినచో మరుసటిపూట రెండు వేసికొనుట తగదు.

మందు పనిచేయ నారంభించి, వైద్యుడు నడువు మన్నపిమ్మట మంచమునకు అంటిపెట్టుకొని యుండరాదు. గట్టుమీద మెల్లగా నడచుట కాలికి మేలే. చికిత్స కనీసము మూడు నెలలు సాగును, కొందరికి ఏండ్లు పట్టును. వాపు తీసినది గదా యని రెండవ నెలలోనే మాత్ర మానువారు పలువురు. కాలు తేలికపడుట లోపలి సిర బాగుపడిన దనుటకు సాక్ష్యము కాదు. కొందరికి బరువు, సాయంకాలపు వాపు చాలకాలము మిగులును. అదియు ఓటమి కాదు. మొదలుపెట్టినవాడు వైద్యుడు గనుక, ఆపుమని చెప్పవలసినవాడును వైద్యుడే.